అయ్యగారి సమాన దర్శనాలు

మా సంఘంలోకి సమానత్వం ఒక మసాలా వడ వల్ల వచ్చింది.

మాది కాశీంబౌలి మెథడిస్టు చర్చి. హైదరాబాదు నడిమధ్యలో, ఒకవైపు టైర్ల దుకాణాలు, ఇంకోవైపు మెట్రో స్తంభాలు. ఆదివారం ఆరాధనలో పాట ఎత్తుకున్నప్పుడు పైనుంచి రైలు వెళ్తే ఒక చరణం ఎవరికీ వినబడదు. దేవుడికి వినబడుతుందని మా నమ్మకం. మా పాస్టరు రెవరెండ్ తిమోతి జయశీల్ గారు. అందరం అయ్యగారు అంటాం. పెద్ద ఊళ్ళో పాస్టరు పనంటే ప్రసంగం చెప్పడమే అనుకునేవాళ్ళు ఒక్కరోజు ఆయన స్కూటరు వెనక కూర్చోవాలి. పొద్దున్నే ఎవరి పిల్లకో సీటు కోసం స్కూలుకు, అక్కణ్ణించి సమాధుల తోటకు, అక్కణ్ణించి హెల్మెట్ లేక దొరికిపోయిన మా సంఘం కుర్రాడి కోసం పోలీస్ స్టేషనుకు, మధ్యాహ్నం విడిపోతామంటున్న భార్యాభర్తల మధ్యకు. ప్రసంగం ఆయనకు వారానికొకసారి దొరికే విశ్రాంతి.

సాయంత్రాలు గృహ దర్శనాలు. అంటే విశ్వాసుల ఇళ్ళకు వెళ్ళి, కాసేపు కూర్చుని, క్షేమం అడిగి, ప్రార్థన చేసి రావడం. ఎవరికి జ్వరమో, ఎవరికి ఉద్యోగం పోయిందో, ఎవరింట్లో పోట్లాటో తెలుసుకుని ఆయనే వెళ్ళేవారు. ఇందులో ఏ పద్ధతీ లేదు. అది లోపమని మాకు అప్పటిదాకా తెలియదు.

ఒకరోజు కమలాకర్ గారింట్లో అయ్యగారు వడలు తిన్నారు. పక్క సందులో రత్నాకర్ గారింటికి వచ్చేసరికి కడుపు నిండిపోయి, సగం చాయ్ తాగి లేచారు. తరవాతి కమిటీ మీటింగుకు రత్నాకర్ గారి భార్య విమలమ్మ పిలవకుండానే వచ్చింది.

"మేం గూడ ఈ సంఘమోళ్ళమే గద?" అంది. "వాళ్ళింట్ల కూసొని వడలు తిన్నరు. మా ఇంట్ల ఉస్మానియా బిస్కెట్ ముట్టనన్న ముట్టలే. మాదేమన్న తక్కువ బిస్కెటా?"

అయ్యగారు నవ్వారు. "రేపే వచ్చి తింటానమ్మా."

"ఒక్క నిమిషం అయ్యగారూ," అన్నారు ఆశీర్వాదం గారు.

ఆశీర్వాదం గారు మా లే లీడరు, అంటే సంఘస్థులందరి తరఫున పెద్ద. రైల్వేలో బండ్ల రాకపోకలు చూసే ఉద్యోగం చేసి రిటైరయ్యారు. బండ్లు ఆయన్ని వదిలేశాయి గాని ఆయన బండ్లను వదల్లేదు. లేచి నిలబడి కోటు గుండీ పెట్టుకున్నారు.

"ఇది బిస్కెట్టు సమస్య కాదు. ట్రాఫిక్ సమస్య. ఏ స్టేషన్లో ఎంతసేపు ఆగాలో డ్రైవరు ఇష్టానికి వదిలేస్తే బండ్లు నడుస్తాయా? ప్యాసింజర్లందరూ దేవుని దృష్టిలో సమానం. కాబట్టి హాల్టు కూడా సమానంగా ఉండాలి."

సెక్రటరీ కరుణాకర్ గారు ఏదో ప్రభుత్వ ఆఫీసులో ఫైళ్ళు చూస్తారు. ఆయన మాట్లాడితే టైపు కొట్టినట్టు ఉంటుంది.

"ఈ విషయమును సమగ్రముగా పరిశీలించిన మీదట, గృహ దర్శనముల యందు సమానత్వము పాటించుట అత్యావశ్యకమని కమిటీ అభిప్రాయపడినది," అన్నారు.

కమిటీ అప్పటికింకా అభిప్రాయపడలేదు. ఆయన అన్నాక పడింది. నేనూ కమిటీ సభ్యుణ్ణే. చెయ్యెత్తమన్నప్పుడు ఎత్తడం నా పరిచర్య.

ఆ విధంగా రూలు వచ్చింది. ప్రతి ఇంటికీ పావుగంట. ప్రతి ఇంట్లో ఒక చాయ్, రెండు బిస్కెట్లు. ఏ ఇల్లు ముందు, ఏ ఇల్లు వెనక అన్నది మనుషులు తేల్చకూడదు గనక, ప్రార్థన చేసి చీట్లు తీశారు. స్త్రీల సమాజం అధ్యక్షురాలు కళ్ళు మూసుకుని తీస్తే మొదటి చీటీ ఆశీర్వాదం గారిదే వచ్చింది. ఆయన కళ్ళు తుడుచుకుని, "దైవచిత్తం" అన్నారు. పాస్టరు గారుండే పార్సనేజీ కూడా విశ్వాసుల ఇల్లే గనక దానికీ ఒక చీటీ వేశారు. అది బాగా వెనక, క్రిస్మస్ దాటాక వచ్చింది.

అయ్యగారి భార్య హెలెన్ అమ్మగారు పార్సనేజీ వాకిట్లోనే నన్ను ఆపారు. "అయితే క్రిస్మస్ దాకా మా ఆయన మా ఇంట్లో ప్రార్థన చెయ్యరా అన్నా?"

దీని మీద కరుణాకర్ గారు రెండు రోజులు ఆలోచించి వివరణ ఇచ్చారు. పాస్టరు హోదాలో గాక భర్త హోదాలో చేసే కుటుంబ ప్రార్థన దర్శనం కిందికి రాదు. అయితే ఆ సమయంలో ఆయన మెడలోని తెల్ల కాలరు తీసి పక్కన పెట్టవలెను.

అయ్యగారు ఆ రాత్రి నుంచే కాలరు తీసి పక్కన పెట్టారు. మెథడిస్టు పాస్టరుకు ఊరు సొంతం కాదు. పైవాళ్ళు ఎక్కడికి వేస్తే అక్కడికి పెట్టె సర్దుకోవాలి. మా ఊరికి రాకముందు ఆయన మంచి మంచి సంఘాలు చాలా త్వరత్వరగా చూశారు. హెలెన్ అమ్మగారు ఇప్పుడిప్పుడే ఇక్కడొక స్కూల్లో పాఠాలు చెబుతున్నారు. కమిటీ వాళ్ళ ఉత్తరం ఒక్కటి పై అధికారి డిస్ట్రిక్ట్ సూపరింటెండెంటు, అంటే డి.ఎస్. గారికి వెళ్తే మళ్ళీ పెట్టెలు దించాలి.

అన్ని ఇళ్ళలోనూ పావుగంటే కూర్చుంటున్నారా లేదా చూడటానికి పరిశీలకుడు కావాలన్నారు. సాయంత్రాలు ఖాళీగా ఉంటానని నన్ను వేశారు.

మొదటి వారంలోనే వంతు ప్రకారం సుధాకర్ ఇంటికి వెళ్ళాం. ఇల్లంతా టీవీ ముందుంది.

"అయ్యో అయ్యగారూ, ఇప్పుడా? ఆఖరి ఓవర్లు!"

"మళ్ళీ రానా నాయనా?"

"వద్దొద్దు, మళ్ల మా వంతు ఎప్పుడొస్తదో. కూసోండ్రి. మ్యూట్ చేస్త."

అయ్యగారు ప్రార్థన మొదలుపెట్టారు. "పరలోకమందున్న తండ్రీ, ఈ కుటుంబాన్ని..." అంటుండగా సుధాకర్ "స్తోత్రం!" అని ఎగిరి గంతేశాడు. ఆత్మ దిగివచ్చిందేమోనని కళ్ళు తెరిచాను. వికెట్ పడింది.

ఇంకో రోజు వెళ్ళిన ఇంటికి తాళం వేసి ఉంది. వాళ్ళు పెళ్ళికి గుంటూరు వెళ్ళారట. ఫోన్ చేసి అడిగితే ఆశీర్వాదం గారు, "ప్యాసింజర్లు లేరని బండి హాల్టు తప్పించుకోకూడదు" అన్నారు. తాళం ముందు పావుగంట నిలబడ్డాం. మూల మీది ఇరానీ హోటల్ నుంచి చాయ్ తెప్పించి, రెండు బిస్కెట్లతో సహా అయ్యగారికి అక్కడే ఇచ్చాను. ఎదురింటామె గేటు దగ్గరికి వచ్చి చాలాసేపు చూసింది.

"మీ క్రైస్తవులు తాళాలకు గూడ ప్రార్థన చేస్తరా అన్నా?"

"వంతు వచ్చిందమ్మా," అన్నాను.

సమయం సమానమయ్యాక ప్రార్థనలు సమానంగా లేవని తేలింది. కొడుక్కి ఉద్యోగం లేని ఇంట్లో అయ్యగారు గట్టిగా, కన్నీళ్ళతో ప్రార్థించారు. కొత్త కారు కొన్న ఇంట్లో మామూలుగా ప్రార్థించారు. కారువాళ్ళకు కష్టం కలిగింది. అందుకని కరుణాకర్ గారు అన్ని అవసరాలనూ కలిపి ఒకే ప్రార్థన తయారుచేశారు. ఉద్యోగం, వివాహం, సుఖ ప్రసవం, కిడ్నీలో రాళ్ళు, వీసా, పక్కింటివారితో గోడ తగాదా, అన్నీ అందులో ఉన్నాయి. ఏ ఇంట్లోనైనా అదే చదవాలి. పీటర్ తాత పెళ్ళి చేసుకోలేదు, ఎనభై దాటాయి, ఒక్కడే ఒక గదిలో ఉంటాడు. ఆయనకు సుఖ ప్రసవం కలగాలని అయ్యగారు ప్రార్థించారు. తాత కళ్ళు మూసుకునే, "ఆమెన్. దేవునికి అసాధ్యమైంది ఏముంది" అన్నాడు.

సాయంత్రానికి నాలుగిళ్ళు. నాలుగు చాయ్‌లు, ఎనిమిది బిస్కెట్లు. అయ్యగారికి షుగరుంది. మొదటి నెల తరవాత ఆయన మీటింగులో మెల్లగా అన్నారు, "చక్కెర లేకుండా ఇమ్మంటే బావుంటుందేమో."

కరుణాకర్ గారు పెన్ను ఆపారు. "ఇప్పటికే దర్శించిన గృహములలో చక్కెరతో సేవించి యున్నారు. ఇకముందు చక్కెర లేకుండా సేవించినచో, ముందువారికీ వెనకవారికీ మధ్య వ్యత్యాసము ఏర్పడును. తదుపరి రౌండు నుండి పరిశీలించవచ్చును."

తదుపరి రౌండు వచ్చే ఏడు. అయ్యగారు చాయ్ తాగుతూ వచ్చారు. ఇది సరైనదేనా ప్రభువా అని నేను ఇంట్లో ప్రార్థనలో అడిగాను. జవాబు రాలేదు. నా వంతు ఇంకా రాలేదేమో అనుకున్నాను.

అలాంటప్పుడు ఏస్తేరమ్మ స్నానాల గదిలో జారిపడింది.

ఏస్తేరమ్మ హాస్టల్ వార్డెనుగా చేసి రిటైరైన ముసలావిడ. కమిటీలో సగంమందికి చిన్నప్పుడు సండే స్కూలు చెప్పింది. తుంటి ఎముక విరిగింది. గుండె బలహీనం గనక పెద్ద ఆపరేషను, పూర్తి మత్తు అన్నారు. శుక్రవారం పొద్దున ఆపరేషనంటే బుధవారం సాయంత్రం ఆవిడ కూతురు సులోచన కమిటీకి వచ్చి నిలబడింది.

"మా అమ్మ ఒక్కటే భయపడుతుంది సార్. కోస్తే నొప్పని కాదు. మత్తిచ్చినంక మళ్ల లేస్తనో లేవనో అని. అయ్యగారొచ్చి ఒకసారి బల్ల ఇచ్చి ప్రార్థన చేస్తే పోతనంటుంది. లేకపోతే సంతకమే పెట్టనంటుంది." బల్ల అంటే ప్రభురాత్రి భోజనం, రొట్టె, ద్రాక్షరసం.

"మీ వంతు ఎప్పుడమ్మా?" అన్నారు ఆశీర్వాదం గారు.

"దసరా దాటినంక."

"అదే. మధ్యలో ఒకరు చైను లాగితే వెనక బండ్లన్నీ లేటు."

పీటర్ తాత కూడా వచ్చి కూర్చుని ఉన్నాడు. "అరె, వంద గొర్రెలల్ల ఒకటి తప్పిపోతే తొంభైతొమ్మిదిటిని ఇడిసిపెట్టి పోలేదా కాపరి?" అన్నాడు.

"పోయాడు," అన్నారు ఆశీర్వాదం గారు గంభీరంగా. "నేను కాదనను. కాని ఆ తొంభైతొమ్మిది గొర్రెల అభిప్రాయం అప్పుడెవరూ అడగలేదు. ఇప్పుడు కమిటీలున్నాయి."

ఎవరైనా తమ వంతు ఇస్తే మార్చుకోవచ్చా అని నేను అడిగాను. చీట్లు ప్రార్థన చేసి తీసినవి గనక మార్చుకుంటే దైవచిత్తాన్ని సవరించినట్టు అవుతుందని కరుణాకర్ గారు చెప్పారు. పైగా ఇంకో చిక్కు కూడా చూపించారు. రూలులో ఉన్నది గృహ దర్శనం. ఆస్పత్రి గృహము కాదు. అక్కడికి పాస్టరు వెళ్ళుటకు ఏ ఏర్పాటూ లేదు.

"ఇంటికి తీసుకొస్తే?" అంది సులోచన.

"అప్పుడు వంతు ప్రకారం," అన్నారు ఆయన, దయగానే.

సులోచన ఏడవలేదు. అయ్యగారి వైపు చూసింది. ఆయన లేచారు. ఆయన గొంతు పెంచగా నేను వినడం అదే మొదలు.

"రేపు నాలుగిళ్ళూ అయ్యాక నేను ఏస్తేరమ్మ దగ్గరికి వెళ్తాను. మీరు ఎవరికి ఉత్తరం రాయాలో రాసుకోండి."

"తప్పకుండా వెళ్ళండి అయ్యగారూ," అన్నారు ఆశీర్వాదం గారు బాధగా. "డి.ఎస్. గారికి రాయడం నాకేమీ సంతోషం కాదు. కాని సిగ్నలు దాటిన డ్రైవరు మంచివాడా చెడ్డవాడా అని రైల్వే చూడదు."

గురువారం నాలుగో ఇల్లు విమలమ్మది. ఆమె ఆ రోజు కోసం ఎదురుచూసింది. చాయ్ పాలతోనే కాచింది, పైన మీగడ కనబడుతోంది. రెండు బిస్కెట్లూ మంచి పళ్ళెంలో పెట్టింది. అయ్యగారు రెండూ తిన్నారు. చాయ్ పూర్తిగా తాగారు. విమలమ్మ కళ్ళు మెరిశాయి. అయ్యగారు ప్రార్థన పుస్తకం... కాదు, కరుణాకర్ గారి కాగితం తెరిచి, కిడ్నీలో రాళ్ళ దాకా వచ్చి, సోఫా మీదికి ఒరిగిపోయారు.

"ఏమైందన్నా? నా బిస్కెట్ల వల్లనా?" అని విమలమ్మ అరిచింది.

నీళ్ళు చల్లితే కళ్ళు తెరిచారు. ఆటోలో ఎక్కించి మా వీధి డాక్టరు దగ్గరికి పోనిమ్మన్నాను. చౌరస్తా దగ్గర అయ్యగారు డ్రైవరు భుజం తట్టారు. "కుడివైపు పోనియ్యి నాయనా." ఏస్తేరమ్మ ఉన్న ఆస్పత్రి కుడివైపు.

అక్కడ డ్యూటీ డాక్టరమ్మ రక్తం పరీక్ష చూసి తల పట్టుకుంది. "ఇంత షుగరు పెట్టుకుని ఏం తింటున్నారు సార్?"

"నలుగురు పెట్టింది," అన్నారు అయ్యగారు.

"అడ్మిట్ కావాలి. రెండు మూడు రోజులు కదలడానికి లేదు."

"దేవునికి స్తోత్రం!" అన్నారు అయ్యగారు. డాక్టరమ్మ నా వైపు చూసింది. నేను సంతకం పెట్టాను.

కబురు తెలిసి ఆశీర్వాదం గారు, కరుణాకర్ గారు గంటలో వచ్చేశారు. పాస్టరు గారు పడిపోతే పెద్దలు చూసి రావాలి గనక. రోగిని చూడటానికి వట్టి చేతులతో రాకూడదు గనక ఆశీర్వాదం గారు పెద్ద బ్రెడ్డు, కరుణాకర్ గారు కిలో నల్ల ద్రాక్ష తెచ్చారు. షుగరు మనిషికి ఆ రెండూ పనికిరావని నర్సు చెప్పి పక్కన పెట్టింది.

అయ్యగారు మంచం దిగారు. ఆస్పత్రి వాళ్ళిచ్చిన ఆకుపచ్చ గౌను మోకాళ్ళ దాకానే ఉంది. సెలైన్ స్టాండును తోసుకుంటూ ఆడవాళ్ళ వార్డు వైపు నడిచారు. ఆ వెనక మేం ముగ్గురం, బ్రెడ్డు, ద్రాక్ష సంచీలు ఏస్తేరమ్మకైనా ఇద్దామని పట్టుకుని.

వార్డు తలుపు దగ్గర నర్సు అడ్డం వచ్చింది. "ఏందిది? విజిటర్స్ టైం అయిపోయింది."

"నేను విజిటర్‌ని కాదు తల్లీ," అన్నారు అయ్యగారు. "పేషెంటుని."

నర్సు ఆ గౌనునూ సెలైన్ సీసానూ చూసి జరిగింది. ఆయన వెనకే మేమూ దూరాం. కరుణాకర్ గారు నా చెవిలో అన్నారు, "గమనించితిరా? దర్శనము కాదు. ఒక రోగి మరొక రోగిని పలకరించుట. దీనికి మన రూలులో నిషేధము లేదు." ఆయన గొంతులో ఏదో తేలిక వినిపించింది. పాపం, ఆయనకూ ఏస్తేరమ్మే సండే స్కూలు చెప్పింది.

ఏస్తేరమ్మ దిండు మీద చిన్నగా అయిపోయి ఉంది. అయ్యగారిని చూసి కనుబొమలెత్తింది.

"గిదేం వేషం అయ్యగారూ? అంగీ ఎక్కడ? పాంటెక్కడ?"

"వంతు రాకముందే రావాలంటే ఇదే దారమ్మా."

ఆవిడ నవ్వబోయి ఆగిపోయింది. "రేపు మత్తిస్తరట. నేను లేవకపోతే మా సులోచన ఒక్కతే అయితది."

"బల్ల ఇస్తాను," అన్నారు అయ్యగారు. అని, ఏమీ తేలేదని గుర్తొచ్చి ఆగారు. చుట్టూ చూశారు. ఆయన చూపు సంచీల మీద ఆగింది.

"ఆశీర్వాదం గారూ, ఆ రొట్టె ఇటివ్వండి. కరుణాకర్ గారూ, ద్రాక్షలు కడిగి ఆ గ్లాసులో పిండండి."

కరుణాకర్ గారు ఒక్క క్షణం తటపటాయించారు. తరవాత చొక్కా చేతులు మడిచి, ద్రాక్షపళ్ళు స్టీలు గ్లాసులో నలపడం మొదలుపెట్టారు. తెల్లచొక్కా మీద చిందింది. తుడుచుకోలేదు. అయ్యగారికి రెండు చేతులూ కావాలి గనక సెలైన్ స్టాండు ఆశీర్వాదం గారికి అప్పగించారు. ఆయన సిగ్నల్ జెండా పట్టుకున్నట్టు పట్టుకుని నిలబడ్డారు. ఆ ప్రార్థన కాగితం ఎక్కడుందో ఎవరూ అడగలేదు. అయ్యగారు ఏస్తేరమ్మ భయం గురించి, తుంటి గురించి, సులోచన గురించి మాత్రమే ప్రార్థించారు. చిన్న ప్రార్థన. ఉద్యోగం, వీసా అందులో లేవు. రొట్టె ఇచ్చారు. గ్లాసు అందించారు.

ఏస్తేరమ్మ ఆయన చెయ్యి వదల్లేదు. "మీకు గూడ సూది గుచ్చిన్రు గద. మీకెవ్వరు చేసిన్రు ప్రార్థన?"

"మా ఇంటి వంతు ఇంకా ఉందమ్మా."

ఆవిడ ఆయన తల వంచమని, జుట్టు మీద చెయ్యి పెట్టి మొదలుపెట్టింది. అది పావుగంట దాటింది. మధ్యలో ఆశీర్వాదం గారు అలవాటుగా మణికట్టు తిప్పబోయారు. సెలైన్ సీసా ఊగింది.

"స్టాండు గట్టిగ పట్టుకో ఆశీర్వాదం," అంది ఏస్తేరమ్మ కళ్ళు తెరవకుండానే. "చిన్నప్పుడు గూడ నీకు నిలకడ లేదు."

"సరే టీచర్," అన్నారాయన.

అప్పటికి పక్క మంచాల వాళ్ళంతా లేచి కూర్చున్నారు. పక్క మంచం బురఖా ఆవిడ, "పాస్టర్ సాబ్, నాక్కూడా దువా చెయ్యండి, రాళ్ళున్నయి," అంది. అయ్యగారు ఆవిడకు కిడ్నీలో రాళ్ళ ప్రార్థన చేశారు. ఈసారి అది సరైన మనిషికి చేరింది. మంచం మంచం తిరిగారు. ఒకచోట చాలాసేపు, ఒకచోట కొంచెంసేపు, ఒకచోట ఊరికే చెయ్యి పట్టుకుని. వెంట స్టాండు మోస్తూ ఆశీర్వాదం గారు. ఎక్కడా చాయ్ ఇవ్వలేదు.

శుక్రవారం పొద్దున ఏస్తేరమ్మ సంతకం పెట్టింది. థియేటర్ బయట బెంచీ మీద సులోచన, నేను, ఇద్దరు పెద్దలు కూర్చున్నాం. అయ్యగారు మంచం దిగడానికి లేదని డాక్టరమ్మ ఈసారి గట్టిగా చెప్పింది. సులోచన గోళ్ళు కొరుక్కుంటోంది. కరుణాకర్ గారు మొదలుపెట్టారు.

"నిన్న జరిగినది ఏ పద్దు కిందికి వచ్చును? ఏస్తేరమ్మ గారి వంతు వినియోగమైనట్లా, కానట్లా?"

"వినియోగం కాలేదు," అన్నారు ఆశీర్వాదం గారు. "బండి వర్కుషాపులో ఉండగా జరిగింది. దసరా తరవాత ఆవిడ వంతు ఆవిడకు ఉండాల్సిందే."

"అట్లయినచో ఆమెకు రెండు పర్యాయములు వచ్చినట్లు. మిగతా వార్డు వారికి ఒక్కటే. వారు మన సంఘస్థులు కారు. వారి సమానత్వము ఎవరు చూడవలెను?"

"దానికో సబ్ కమిటీ వెయ్యాలి!"

"ప్రతిపాదించువారు?"

"నేనే!"

"బలపరచువారు?"

ఆశీర్వాదం గారు నా వైపు చూశారు. నా చెయ్యి సగం లేచింది. వాళ్ళ గొంతులు వరండా అంతా మోగుతున్నాయి. అప్పుడే థియేటర్ తలుపు తెరుచుకుని స్ట్రెచరు బయటికి వచ్చింది. సులోచన పరుగెత్తి స్ట్రెచరు అంచు పట్టుకుంది. ఏస్తేరమ్మ ముఖం పాలిపోయి ఉంది. కళ్ళు మూసే ఉన్నాయి. మేమందరం ఊపిరి బిగబట్టాం, ఆశీర్వాదం గారు తప్ప. ఆయన ఇంకా సబ్ కమిటీలో ఎంతమంది ఉండాలో చెబుతున్నారు.

ఏస్తేరమ్మ పెదవులు కదిలాయి. సులోచన వంగి చెవి పెట్టింది. వంగనక్కర్లేదు, మా అందరికీ వినబడింది.

"బతికే ఉన్న, బిడ్డా," అంది ఏస్తేరమ్మ. "పరలోకంల మీటింగులుండవు."